పుస్తెలతాడుకు ఒక వరుస

మా ఇంటి లెక్కంతా ఒక ఆన్‌లైన్ షీట్‌లో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో, కొండాపూర్‌లో ఒకటిన్నర గది కిరాయికి ఉన్నప్పుడు, మా ఆయన దాన్ని మొదలుపెట్టాడు. ఎక్కడికైనా నాలుగు రోజులు పోయి వద్దామని నేను ఆశపడి అడిగితే, "జర ఆగు, ముందు లెక్క చూద్దాం" అని లాప్‌టాప్ తెరిచిన మనిషి. నాకు ఒళ్ళు మండింది. అయితే నేను మాత్రం తక్కువ తిన్నానా! ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగమే. ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టుకోవడం మీదే మా కూడు. ఆయన వేసిన ఫార్ములాల్లో ఆ సాయంత్రమే రెండు తప్పులు పట్టి ముందర పెట్టాను. కోపం వస్తుందనుకుంటే నవ్వాడు. అప్పటి నుంచి షీట్ ఇద్దరిదీ అయింది.

తేదీ, దేనికి, ఎంత, ఎవరు పెట్టారు. ఇంతే దాని రూపం. పాలు, కరెంటు, పాప స్కూలు బస్సు, స్కూటీ పెట్రోలు, ఎవరి పెళ్ళికైనా పోతే చదివించిన కట్నం, ఏ రోజువి ఆ రోజు ఫోన్‌లో ఎక్కించేస్తాం. ఆఫీసులో నా పక్క సీటు ఆమెది కాకినాడ. ఒకసారి బండి దగ్గర పానీపూరీ తిని నేను ఫోన్‌లో రాసుకుంటుంటే చూసి, "ఏంటండీ బాబూ, పానీపూరీకి కూడా లెక్కేనా? చోద్యం కాకపోతే!" అంది. "మాది గంతే. నీకేం నొప్పి?" అన్నాను. ఆమె నవ్వి ఇంకో ప్లేటు తనే ఇప్పించింది. అది రాయలేదు.

నిజం చెప్పాలంటే ఆ పిచ్చి వల్లనే మాకు ఇల్లు అమరింది. ప్రగతి నగర్‌లో రెండు పడకగదుల ఫ్లాటు. బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుందని బిల్డరు చెప్పాడు. చెరువు కంటే ముందు దోమలు కనిపిస్తాయి. అయినా మాదే కదా అని మురిసిపోయాం. ఇరవై ఏళ్ళ లోను. ఇద్దరి జీతాలూ ఉంటే గాని కిస్తీ నడవదు. ఆ సంగతి కొన్నప్పుడే తెలుసు, తెలిసే కొన్నాం.

ఒకరోజు పొద్దున నేను ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు కూర్చుని ఉంటే ఆయన మెసేజ్ వచ్చింది. "హెచ్‌ఆర్ కాల్ అయిపోయింది. నన్ను తీసేసిండ్రు." ఆయన ఆఫీసు మా ఆఫీసుకి రెండు సిగ్నళ్ళ అవతల. లేచి పోయి ఉండొచ్చు. కనీసం వెంటనే ఫోన్ చేసి ఉండొచ్చు. నేను ముందు షీట్ తెరిచాను. వచ్చే నెల, ఆయన జీతం గడి. అందులో సున్నా వేశాను. ఆ తర్వాత ఫోన్ చేశాను.

"జీరో నువ్వేసినవా?" అన్నాడు, హలో కూడా అనకుండా.

"ఆ. నేనే."

"నేను గూడ గదే వేద్దామని తెరిచిన. అప్పటికే ఉన్నది."

"ఇంటికి పోతున్నవా?"

"లాప్‌టాప్ అప్పజెప్పి పోత. ఇయ్యాల పాపను నేను తీసుకొస్త తియ్యి."

ఇడ్లీ తిన్నాను. చట్నీ కూడా వదల్లేదు. బాధపడాలి కదా అని కాసేపు కూర్చుని చూశాను. ఏమీ రాలేదు. సాయంత్రానికి వస్తుందేమో అనుకున్నాను, సాయంత్రం కూడా రాలేదు. మధ్యాహ్నం మీటింగులో నా వంతు వచ్చినప్పుడు బాగానే మాట్లాడానట, మా మేనేజర్ మెచ్చుకున్నాడు.

ఆ ఆదివారం షీట్ పైభాగంలో కొత్తగా ఒక గడి వేసుకున్నాం. దాని పేరు 'ఎన్ని నెలలు'. మా దగ్గరున్న పొదుపు అంతా ఒక పక్క. నా జీతం పోగా నెలనెలా తక్కువపడేది ఇంకో పక్క. దాన్ని దీనితో భాగిస్తే ఎన్ని నెలలు నెట్టుకు రాగలమో తేలుతుంది. ఎనిమిది పాయింట్ రెండు అని తేలింది. ఆయన దానికి రంగులు కూడా పెట్టాడు. ఆరు పైన ఉంటే పచ్చ, ఆరు లోపు పసుపు, మూడు లోపు దిగితే ఎరుపు. సున్నా అయితే ఇల్లు అమ్మాలి. ఆ మాట పైకే అనుకున్నాం. "అమ్ముదాం" అన్నాడు ఆయన. "సరే, అమ్ముదాం" అన్నాను నేను. తర్వాత పాప లెక్కల హోంవర్క్ చేయించాను.

ఆయన వెతకని చోటు లేదు. పొద్దున పాపను దించి వచ్చి చొక్కా మార్చుకుని, కింద లుంగీతోనే, ఇంటర్వ్యూలకు కెమెరా ముందు కూర్చునేవాడు. ఒకరు అనుభవం ఎక్కువైందన్నారు. ఒకరు సగం జీతానికి వస్తావా అని అడిగి, సరే అంటే మళ్ళీ పలకలేదు. ఇంకొకరు ఈ టెస్టింగ్ పని ఇకమీదట మనుషులతో చేయించం అన్నారట. ఆ మాట అన్నది మాత్రం మనిషేనట. అది చెప్పి ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. నేనూ నవ్వలేదు, గిన్నెలు తోముతూ ఉన్నాను.

ఇగ ఆయన ఆ గడిని పట్టుకున్నాడు. మొదట్లో వారానికోసారి చూసుకునేవాళ్ళం. తర్వాత రోజూ. తర్వాత కూరగాయలు తెచ్చి రాసిన ప్రతిసారీ. కూకట్‌పల్లి మార్కెట్‌కి బండి తీయకుండా నడిచి పోయి, బీరకాయలు అయిదు రూపాయలు తక్కువకు తెచ్చి, రాసి, పైన అంకె కదిలిందా లేదా అని చూసేవాడు. అయిదు రూపాయలకు అదెందుకు కదులుతుంది? అయినా చూసేవాడు. ఏడు అయింది, ఆరు అయింది. ఐదు పాయింట్ ఎనిమిది అయి పసుపు రంగుకు మారిన రోజు ఆయన అన్నం తినలేదు. అడిగితే పొద్దున టిఫిన్ ఎక్కువైందన్నాడు. పొద్దున టిఫిన్ కూడా తినలేదని నాకు తెలుసు.

ఆయన పేరు మీద ఖర్చులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మొదట బయట తాగే చాయ్. తర్వాత కటింగ్, గడ్డం పెంచాడు. పెట్రోలు. ఫోన్ రీచార్జి చిన్నదానికి మార్చాడు. ఆదివారాలు దోస్తులతో క్రికెట్‌కి పోయేవాడు, గ్రౌండుకి మనిషికింత అని వేసుకోవాలి కదా, అది మానేశాడు. నెలాఖరుకి 'ఎవరు పెట్టారు' అన్న చోట ఆయన పేరు కొట్టి చూస్తే కూరగాయలు, పాప పెన్సిళ్ళు తప్ప ఏమీ రాలేదు. తన కోసం ఒక్క రూపాయి లేదు. చూశాను. మంచిదే, తగ్గుతోంది అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అప్పట్లో నాకు ఏదీ తగిలేది కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఉన్నట్టు ఉండేది లోపలంతా.

ఆ నెలలోనే ఒక వరుస చూశాను. టర్మ్ పాలసీ. మనిషి పోతే ఇంటివాళ్ళకు వచ్చే ఇన్సూరెన్స్. ఆయన పేరు మీద ఏడాదికోసారి కట్టేది. గడువు ఇంకా నెలకు పైగా ఉండగానే కట్టేశాడు. చాయ్ మానుకున్న మనిషి, బండి మానుకున్న మనిషి, అంత పెద్ద మొత్తం ముందే కట్టాడు. అడిగితే, "మర్చిపోతనేమోనని" అన్నాడు. మా ఆయన మర్చిపోవడమా! పాప పుట్టకముందు కట్టిన కరెంటు బిల్లు కూడా చెప్పగలడు.

నాకు భయం వేసింది. భయం వేసిందని కూడా నాకు వెంటనే తెలియలేదు. ఆఫీసులో ఉన్నట్టుండి ఫోన్ తీసి షీట్ తెరిచేదాన్ని. ఆయన ఆ పూట ఏదైనా రాశాడా అని చూసేదాన్ని. కొత్తిమీర పది రూపాయలు అని కనిపిస్తే మళ్ళీ ఫోన్ బ్యాగులో పెట్టేదాన్ని. మూడు రోజులు అలా చేశాక గాని నేను చూస్తున్నది కొత్తిమీర కోసం కాదని తెలియలేదు. ఇల్లు పోతే పోయింది, కిరాయికి ఉండటం మాకేం కొత్త కాదు. నాకు మనిషి కావాలి. ఆ గడి దిగుతున్న కొద్దీ మనిషి కూడా దిగుతున్నాడు, ఆ గడిని ఎలాగైనా పైకి లేపాలి అనుకున్నాను. అంతకంటే బుద్ధి పుట్టలేదు నాకు.

లేపడానికి ఏముంది? బంగారం ఉంది. ఇన్నేళ్ళ షీట్‌లో బంగారం ఎప్పుడూ రాయలేదు. మన ఇళ్ళల్లో ఎవరు రాస్తారు చెప్పండి? పొదుపు అంటే బ్యాంకులోది. బంగారం అంటే బీరువాలోది. ఆ రెండూ ఎన్నడూ కలవవు. ఒక శనివారం ఆయన పాపను ఈత క్లాసుకి తీసుకుపోయాడు. ఆ క్లాసు డబ్బులు ముందే కట్టి ఉన్నాం కాబట్టి అదింకా నడుస్తోంది. నేను పడకగది తలుపు గడియ పెట్టి, పాప పుట్టినరోజుకి కేకు చేయడానికి కొన్న చిన్న కాటా తెచ్చుకుని మంచం మీద కూర్చున్నాను. గాజులు తూచాను. హారం తూచాను. పాప కమ్మలు తూచాను. ఒక్కొక్కటీ రాశాను. ఆనాటి రేటు దానంతట అదే వచ్చేటట్టు ఫార్ములా పెట్టాను. 'ఎన్ని నెలలు' గడి నాలుగు నుంచి ఏడుకి ఎగిరింది. పచ్చ వచ్చింది.

అక్కడితో ఆపొచ్చు. కానీ నేను పని సగంలో ఆపే మనిషిని కాను. మెడలో పుస్తెలతాడు ఉంది. తీసి కాటా మీద పెట్టాను. ముప్ఫై ఎనిమిది గ్రాములు. పుస్తెలు, గుండ్లు, తాడు అన్నీ కలిపి. మెడ ఖాళీగా అనిపించింది, చెయ్యి అక్కడికి పోయింది, ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. తాడుకు ఒక వరుస వేశాను. అంకె తొమ్మిది దాటింది. తిరిగి మెడలో వేసుకుని, కాటా వంటింట్లో పెట్టేసి, పప్పుకు పోపు వేశాను. ఆయన వచ్చి చూసుకుంటాడు, ఈ పూట కడుపునిండా తింటాడు అనుకున్నాను.

ఆ పూట ఆయన ఫోన్‌లో షీట్ చూసుకున్నాడు. అన్నం ఎప్పటిలాగే తిన్నాడు. మర్నాడు ఆఫీసులో చూస్తే అంకె ఏడు చిల్లరకు దిగి ఉంది. గాజులున్నాయి, హారం ఉంది, కమ్మలున్నాయి. తాడు వరుస లేదు. షీట్‌లో తీసేసింది తిరిగి తెచ్చుకోవచ్చు, ఎవరు తీశారో కూడా అదే చూపిస్తుంది. ఆయన తీశాడు. ఏదో చెయ్యి తగిలి పోయి ఉంటుందని తిరిగి తెచ్చాను. సాయంత్రానికి మళ్ళీ లేదు. తెచ్చాను. పొద్దునకి లేదు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే ఇద్దరం ఆ వారమంతా ఒక్క మాట లేకుండా ఒక వరుస మీద కొట్టుకున్నాం. నేను ఆ గడి పక్కన కామెంట్ పెట్టాను, "ఎందుకు తీస్తున్నవ్?" అని. మా టెస్టింగ్‌లో తప్పు సరిచేశాక ఆ కామెంట్‌ను పరిష్కారమైందని మూసేస్తాం. ఆయన జవాబు రాయకుండా దాన్ని అలాగే మూసేశాడు. అప్పుడు లేచింది నాకు ఒళ్ళు మంట. ఉద్యోగం పోయిన రోజు రాని మంట.

ఆ సాయంత్రం పాప కింద ఆడుకుంటోంది. నేను జొన్నపిండి కలుపుతున్నాను. ఆయన పక్కన నిలబడి టమాటలు కోస్తున్నాడు.

"ఏందిది? వారం సంది నడుస్తుంది ఈ లొల్లి" అన్నాను. "నేను రాస్త, నువ్వు తీస్తవ్. నోరు లేదా నీకు?"

"అదొక్కటి వద్దు."

"ఎందుకొద్దు? గాజులు రాసిన, హారం రాసిన, పోరి కమ్మలు గూడ రాసిన. వాటికి లేని నొప్పి దీనికేంది? ఇది బంగారం కాదా?"

"బంగారమే."

"మరి?"

ఆయన కత్తి కింద పెట్టాడు. నా వైపు చూడలేదు. టమాటల వైపే చూస్తూ అన్నాడు. "అది మెడలకెల్లి ఎప్పుడు తీస్తరే? నేను పోయినంక గద తీసేది. నువ్వు తీసినవ్, తూకమేసినవ్, రేటు కట్టినవ్. నేనింకా బతికే ఉన్న గద."

నా చేతిలో పిండి అలాగే ఉంది. నేను ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాట అప్పుడు వచ్చింది.

"ఉంటవా? ఉందామనే ఉందా నీకు? మరి ఆ పాలసీ ఎందుకు కట్టినవ్ నెల ముందే? చాయ్ తాగనోనివి, నీకు దానికెక్కడి తొందర?"

కుక్కర్ విజిల్ వచ్చింది. పొయ్యి కట్టేశాను.

"నా పేరు మీద ఇగ మిగిలిన పెద్ద అంకె గదొక్కటే గద" అన్నాడు. "ఆ నెలల గడి జీరో అయిన్నాడు నేను లేకున్నా మీకు ఫికర్ ఉండదు అనుకున్న. చేస్తనని కాదు. అనుకున్న."

పిండి ముద్ద తీసి ఆయన మీద విసిరాను. భుజానికి తగిలి టమాటల్లో పడింది. "నీ అంకెల మన్నువడ! నీ పాలసీల మన్నువడ! ఎవరడిగిండ్రు నిన్ను ఆ పైసలు? నేనడిగిన్నా? నీ పోరి అడిగిందా? ఆ గడి చూసి చూసి నువ్వు సగమైతున్నవని రాసిన నేను ఆ బంగారం. పచ్చగ కనపడితే నాలుగు మెతుకులు ఎక్కువ తింటవని రాసిన. నువ్వు కావాలె నాకు. ఇల్లు గంగల కలవనీ. నువ్వు కావాలె."

అరిచాను. కింద ఫ్లాటు వాళ్ళకు కూడా వినిపించే ఉంటుంది. ఆయన వంటింటి గట్టుకు ఆనుకుని, నేల మీదికి జారి కూర్చుని ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. చేతులకు పిండి ఉందని ఆయనను ముట్టుకోలేదు కూడా. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. పిండి అంటితే ఏమయ్యేది?

మర్నాడు నేను సెలవు పెట్టి, ఇద్దరం బయలుదేరి కొండాపూర్‌లో ఒక మనసు డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన రానన్నాడు. నేను స్కూటీ స్టార్ట్ చేసి ఎక్కమన్నాను, ఎక్కాడు. డాక్టరు ఆయనతో విడిగా చాలాసేపు మాట్లాడింది. నాతో కూడా మాట్లాడింది. "మీరు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే, "నాకేం, నేను బాగనే ఉన్న" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. మందులు రాసింది, వారం వారం రమ్మంది. ఇంటికొచ్చి ఆ ఫీజుకు ఆయన పేరు మీద ఒక వరుస వేశాను. ఎన్నో నెలల తర్వాత ఆయన కోసం ఆయన పేరు మీద పడిన ఖర్చు. ఆయన దాన్ని తియ్యలేదు.

అంకె మాత్రం ఆగలేదు. రాసినంత మాత్రాన బంగారం రూపాయలవుతుందా? గాజులూ హారమూ తాకట్టు పెట్టి కొన్ని కిస్తీలు కట్టాం. ఆ తర్వాత ఇంకో రెండు నెలలకు సరిపడా కావాలి. చుట్టాలను అడగడం ఇద్దరికీ చేతకాదు. మళ్ళీ తాడు దగ్గరికే వచ్చి ఆగింది. ఈసారి షీట్‌లో రాయలేదు. ఆయనకు నోటితోనే చెప్పాను, మా అమ్మ సంగతి.

మాది జనగామ అవతల ఊరు. నాన్నకు నాలుగెకరాలు. ఏటా వానలు మొదలవుతున్నాయంటే విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావాలి. అమ్మ మెడలో తాడు బ్యాంకుకు పోయేది. అయితే పుస్తెలు పోయేవి కావు. అమ్మ పసుపు తాడు పేని, రెండు పుస్తెలూ దానికి గుచ్చి నాన్న చేతికిచ్చేది. నాన్న కట్టేవాడు. బంగారు తాడే పోయేది. పత్తి అమ్మాక తిరిగొచ్చేది. మా వాడలో సగం మంది ఆడవాళ్ళ మెడల్లో వానాకాలమంతా పసుపు తాళ్ళే ఉండేవి. ఎవరూ దాన్ని వింతగా చూసేవారు కాదు. నేను ఇంత చదివి, ఇంత లెక్కపెట్టి, తాడూ పుస్తెలూ కలిపి ఒకే తూకం వేశాను. విడివిడిగా రెండు వరుసలు వేయాల్సింది. ఆయన బాధపడింది ఆ ఒక్క వరుసకే.

ఆయన అంతా విన్నాడు. మర్నాడు కూకట్‌పల్లి మార్కెట్‌కి పోయి కూరగాయలతో పాటు పూజా సామాన్ల దుకాణంలో పసుపు తాడు తెచ్చాడు. 'పసుపు తాడు, ఇరవై రూపాయలు' అని షీట్‌లో రాశాడు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, ఏమవుతుందోనని బెంగ పెట్టుకుని చదవకండి. ఆయనకు ఉద్యోగం వచ్చింది. పాత జీతంలో ముప్పాతిక. కొత్త ఆఫీసు చిన్నది, క్యాంటీన్ కూడా లేదు, డబ్బా కట్టుకుని పోతాడు. డాక్టరు దగ్గరికి ఇంకా పోతున్నాడు, రెండు నెలలకోసారి. ఇల్లు ఉంది. తాడు, గాజులు విడిపించుకున్నాం, హారం ఇంకా అక్కడే ఉంది. 'ఎన్ని నెలలు' గడిని ఆయనే తీసేశాడు. దాన్ని నేను తిరిగి తేలేదు. నాకు మాత్రం ఆ మొద్దుబారడం పూర్తిగా పోలేదు. ఆయన కొత్త ఉద్యోగం మాట ఫోన్‌లో చెప్పినప్పుడు కూడా, "ఏ తేదీ నుంచి?" అని అడిగాను మొదట.

కానీ నేను ఇదంతా రాయడం మొదలుపెట్టింది తాడు తాకట్టుకు పోయిన ఆ పొద్దు గురించి చెప్పాలని.

పాప స్కూలుకు పోయింది. నేను ఆఫీసుకి రెండు గంటలు ఆలస్యమవుతుందని మెసేజ్ పెట్టాను. తాకట్టు కంపెనీ బ్రాంచి పదింటికి తెరుస్తారు. నేను డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, బంగారు తాడులోంచి పుస్తెలు ఊడదీసి, మళ్ళీ తడి పసుపు రాసిన ఆ తాడుకు గుచ్చాను. గుండ్లు రెండు జారి టేబుల్ కిందికి పోతే ఆయన వంగి వెతికి తెచ్చాడు. తాడు ఆయన చేతికిచ్చి, కొప్పు పైకి పట్టుకుని, అటు తిరిగి కూర్చున్నాను.

మా పెళ్ళిలో ఆయన వేసింది ఒక్క ముడే. మిగతా రెండూ మా ఆడబిడ్డ వేసింది, అందరూ ఇటు చూడండని ఫోటోగ్రాఫర్ అరుస్తుంటే. బాజాల్లో నాకు ఏ ముడి ఎప్పుడు పడిందో కూడా తెలియలేదు. ఇక్కడ ఎవరూ లేరు. ఫ్యాన్ తిరుగుతోంది. పసుపు ఇంకా తడిగా ఉంది, మొదటి ముడి జారిపోయింది. విప్పి మళ్ళీ వేశాడు.

"గట్టిగ వెయ్యి" అన్నాను.

"వేస్తున్న" అన్నాడు.

రెండోది వేశాడు. మూడోది వేశాడు. ముడులు అయిపోయాయి. ఆయన చెయ్యి తియ్యలేదు. మెడ వెనక, ముడి మీద, అరచెయ్యి అంతా ఆనించి అలాగే ఉంచాడు. వెచ్చగా ఉంది.

ఉద్యోగం పోయిన రోజు నుంచి ఆయన నన్ను ముట్టుకోలేదు. నేనూ ఆయనను ముట్టుకోలేదు. కొత్తిమీర పది రూపాయలు కూడా మర్చిపోకుండా రాసుకున్న ఇద్దరం, ఆ సంగతి ఒక్కసారి కూడా గమనించలేదు. నాకు అప్పుడు, ఆ చెయ్యి కింద, తెలిసింది. కొప్పు వదిలేశాను. జుట్టు ఆయన చేతి మీద పడింది. ఆయన అప్పుడు కూడా తియ్యలేదు. పది దాటింది, బ్రాంచి తెరిచి ఉంటారు, నేను కదలకుండా కూర్చుని ఏడుస్తున్నాను.